సైకిలు క్యారియర్‌కు ఆరున్నర వేలు: వాయిదాల మీద తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుచానూరు. బాలాజీ కాలనీ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. జీతం 28 వేలు. చీటీ, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు పోను నెలకు మూడు వేలు మిగులుతాయి. రానుపోను 13 కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్తున్నాను. ఇంట్లో ఉన్న గేర్ల సైకిలు వాడుదామంటే ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బా ఉన్న బ్యాగు వీపున వేసుకునేసరికి చెమటతో బట్టలు తడిసిపోతున్నాయి. సీటు గొట్టానికి బిగించే క్యారియర్ 2,200, రెండు వైపులా వేలాడే బ్యాగుల జత 4,300, మొత్తం 6,500 అని దుకాణంలో చెప్పారు. క్రెడిట్ కార్డు మీద ఆరు వాయిదాల్లో కట్టవచ్చట. తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, సైకిలుకు క్యారియర్ పెట్టించుకోవాలన్న మీ ఆలోచన మంచిదే, మీ బడ్జెట్‌లో దానికి చోటు కూడా ఉంది. అయితే మీకు చెప్పిన సరుకు, చెప్పిన పద్ధతి రెండూ మార్చుకోవాలి.

ముందు సరుకు సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది అక్కడే. సీటు గొట్టానికి మాత్రమే బిగించే క్యారియర్‌కు కింద కాళ్లు ఉండవు. అది మోయగలిగే బరువు సాధారణంగా పది కిలోల లోపే ఉంటుంది. గతుకుల్లో పక్కకు తిరిగిపోయే అవకాశమూ ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, పక్కలకు వేలాడే బ్యాగులకు ఆనుకోవడానికి అందులో ఏ ఆసరా లేకపోవడం వల్ల అవి లోపలికి ఊగి స్పోకుల్లో చిక్కుకోవచ్చు. అంటే 4,300 పెట్టి కొనే బ్యాగులకు ఆ 2,200 క్యారియర్ పనికిరాదన్నమాట. మీ సైకిలు వెనుక చక్రం ఇరుసు పక్కన, సీటు కింది ఫ్రేము మీద చిన్న బోల్టు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే కాళ్లతో ఫ్రేముకు బిగించే క్యారియర్ అడగండి. ఇలాంటివి చాలావరకు 25 కిలోల దాకా మోస్తాయి, ఆ అంకె క్యారియర్ మీదే ముద్రించి ఉంటుంది. రంధ్రాలు లేకపోతే ఫ్రేము గొట్టానికి క్లాంపులతో బిగించేవీ దొరుకుతాయి. వెనుక డిస్క్ బ్రేకు ఉంటే కాలు దానికి తగలకుండా వంపు ఉన్న రకమే తీసుకోవాలి. బిగించిన వారం రోజులకు బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించుకోవడం తప్పనిసరి.

మీ సామాను, అంటే ల్యాప్‌టాప్, డబ్బా, నీళ్ల సీసా, ఒక జత బట్టలు, అంతా కలిపినా ఆరు కిలోలు దాటదు. దానికి బ్యాగుల జత అక్కరలేదు, ఒక్క బ్యాగు చాలు. దాన్ని ఎడమవైపు తగిలించుకుంటే చైను గ్రీజు అంటదు, వాహనాలు దాటిపోయే వైపు ఖాళీగా ఉంటుంది. కొనే ముందు సైకిలును దుకాణానికి తీసుకువెళ్లి, బ్యాగు తగిలించి తొక్కి చూడండి. మడమ బ్యాగుకు తగులుతుంటే దాన్ని కొంచెం వెనక్కి జరపాలి, జరగని రకమైతే వద్దనండి.

ఇక లెక్క. మీ స్కూటీ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనీ, పెట్రోలు 110 రూపాయల దగ్గర ఉందనీ అనుకుంటే, నెలకు 22 పనిదినాలకు దాదాపు 700 ఖర్చవుతుంది. ఆ మొత్తమంతా మిగులుతుందని మాత్రం అనుకోకండి. ఏప్రిల్, మే నెలల ఎండ మీకు తెలియనిది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాటి మధ్యే కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటాయి. పంచమీ తీర్థం నాడు మీ ఊరి వీధుల్లో సైకిలు నడిపించుకుంటూ పోవడమూ కష్టమే. అందుకే సగటున నెలకు 15 రోజులే తొక్కుతారని లెక్కిస్తున్నాను. అలా చూస్తే మిగిలేది సుమారు 475. స్కూటీ ఇంట్లో ఉన్నంతకాలం దాని థర్డ్ పార్టీ బీమా కట్టక తప్పదు కాబట్టి ఆ ఖర్చును ఆదాలో కలపకూడదు. ఈ లెక్కన 6,500 తిరిగి రావడానికి పద్నాలుగు నెలలు పడుతుంది. క్యారియర్, సామాను కట్టుకునే ఎలాస్టిక్ తాడు మాత్రమే అయితే అయిదు నెలలు చాలు.

వాయిదాల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వద్దు. వడ్డీ లేదని చెప్పే పథకాల్లో కూడా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంటాయి. నగదుకు దొరికే తగ్గింపు కూడా చాలాసార్లు పోతుంది. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. నెలకు 1,083 చొప్పున ఆరు నెలలు కట్టడమంటే, మీకు మిగిలే మూడు వేలలో మూడో వంతుకు పైగా ముందే రాసిచ్చేయడమే. ఆ మధ్యలో పిల్లలకు జ్వరం వచ్చి ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడవచ్చు. క్యారియర్ కోసం అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవలసిన అవసరం మీకు లేదు.

ఈ నెల మిగులులో నుంచి క్యారియర్, తాడు నగదుకే కొనండి. సైకిలు విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక, చెప్పిన ధర పాతదేమో అడిగి, బిల్లు తీసుకోండి. ఇప్పుడున్న బ్యాగునే, ల్యాప్‌టాప్‌కు మెత్తటి బట్ట చుట్టి, క్యారియర్ మీద కట్టుకుని రెండు నెలలు తిరగండి. అలవాటు నిలబడితే అప్పుడు వానకు తడవని బ్యాగు ఒకటి కొనండి. దానికన్నా ముందు హెల్మెట్, తాళం, వెనుక ఎర్ర లైటు ఉన్నాయో లేదో చూసుకోండి. సీటు కింద ఉన్న లైటు క్యారియర్ మీది సామాను వెనుక దాగిపోతుంది కాబట్టి, దాన్ని క్యారియర్ చివరకు మార్పించండి.

పెట్రోలు పోయించుకోని డబ్బు కంటికి కనిపించదు, మరో ఖర్చులో కలిసిపోతుంది. అందుకని పెట్టిన ఖర్చు తిరిగి వచ్చాక, జీతం పడిన రోజే 400 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. 6.7 శాతం వడ్డీకి అయిదేళ్లలో మీరు కట్టే 24,000 సుమారు 28,500 అవుతుంది. ఖాతా తెరిచిన రోజు ఉన్న రేటే అయిదేళ్లూ వర్తిస్తుంది కనుక తెరిచేటప్పుడు అడిగి తెలుసుకోండి.