స్టంప్స్ వెనుక మాటలు: ఒక కీపర్ అనుభవం

"ప్రత్యర్థిని మాటలతో రెచ్చగొడితే జట్టుకు నిజంగా లాభం ఉంటుందా?" అని అడిగారు. అనంతపురంలో మా కళాశాల జట్టుకు వికెట్ కీపింగ్ చేసినవాడిగా చెబుతున్నాను: లాభం లేదు, నష్టం మాత్రం ఖాయం, అది అందరికంటే ముందు కీపర్‌కే తగులుతుంది.

ఒకసారి కడప నుంచి వచ్చిన జట్టుతో ఆడుతున్నాము. వాళ్ళ బ్యాట్స్‌మన్ ఒకతను క్రీజులో పాతుకుపోయి ప్రతి బంతినీ అడ్డుకుంటుంటే, నేను వెనుక నుంచి "అన్నా, కడప బస్సు నాలుగింటికే, త్వరగా కానీ" అని ఓవర్ ఓవర్‌కూ అంటూనే ఉన్నాను. అతను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఆ మాట నా నోట్లో ఉండగానే మా ఫాస్ట్ బౌలర్ బంతి మ్యాటింగ్ మీద లేచి, బ్యాట్ అంచును తాకి నేరుగా నా వైపు వచ్చింది. నా బరువు ఇంకా మడమల మీదే ఉండడంతో చేతులు అర క్షణం ఆలస్యంగా లేచాయి, బంతి కుడి బొటనవేలి మొదట్లో తగిలి నేల మీద పడింది. అతను చివరిదాకా నిలబడి వాళ్ళను గెలిపించాడు. వేలి వాపు కంటే మా బౌలర్ చూసిన చూపే నన్ను ఎక్కువ బాధించింది.

2021 జనవరి 11న సిడ్నీ టెస్టు చివరి రోజు ఆట చూస్తుంటే ఆ బంతే మళ్ళీ కళ్ళ ముందు మెదిలింది. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని మన కాకినాడ హనుమ విహారి, నడుము నొప్పితో ఉన్న అశ్విన్ కలిసి 42 ఓవర్లకు పైగా వికెట్ పడనివ్వలేదు. విసిగిపోయిన ఆస్ట్రేలియా కెప్టెన్, కీపర్ టిమ్ పెయిన్ తర్వాతి టెస్టు జరిగే బ్రిస్బేన్ గబ్బా మైదానంలో నీ పని చూస్తామన్న ధోరణిలో అశ్విన్‌ను కవ్వించి, కొద్దిసేపటికే స్టార్క్ బౌలింగ్‌లో విహారి క్యాచ్‌ను జారవిడిచాడు. అంతకుముందు మన బ్యాట్స్‌మన్ పంత్ క్యాచ్‌లూ వదిలాడు కదా, దీనికీ మాటలకూ సంబంధం లేదని కొందరు వాదిస్తారు; కీపింగ్ చేయనివాళ్ళే అలా వాదించగలరు. విహారి 161 బంతులాడి 23 పరుగులతో, అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులతో అజేయంగా నిలిచి మ్యాచ్‌ను డ్రాగా ముగించారు.

ఇటువంటి మాటలను స్టంప్ మైక్ నుంచి పట్టి పదేపదే వినిపించే టీవీ ఛానెళ్ళ మీద నాకు కోపం ఉంది. వాటిని విని మా ఊరి పిల్లలు పాదాల కదలిక కంటే ముందు తిట్లు నేర్చుకుంటున్నారు. మరునాడు పెయిన్ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పాడు, ఆ సంగతిని మాత్రం ఏ పిల్లవాడూ నాకు చెప్పలేదు.