హట్టరైట్ కాలనీలో పెత్తనం ఎవరిది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తాతల కాలం నుంచి మేము బ్రదరన్ సంఘస్థులం. కెనడాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు, అక్కడ హట్టరైట్లనే క్రైస్తవులు కాలనీ అని పిలిచే తమ ఊరంతా ఉమ్మడి ఆస్తితో వ్యవసాయం చేస్తారని చెప్పాడు. వారికీ మన సంఘాలకూ సంబంధం ఉందా? గట్టు తగాదాతో అన్నదమ్ములే కోర్టుకెక్కుతుంటే, అంతమంది ఒకే భూమి మీద తరతరాలుగా ఎలా నిలిచారు? పెద్దరికం ఎవరికి, ఎలా వస్తుంది?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సంబంధం లేదండి. మీ సంఘాలు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పనిచేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌ల సేవ నుంచి పుట్టినవి. హట్టరైట్లు అంతకు మూడు శతాబ్దాల ముందువారు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వకూడదనీ, క్రైస్తవుడు కత్తి పట్టకూడదనీ నమ్మి, అందుకు ఐరోపాలో చిత్రహింసలు అనుభవించిన అనాబాప్టిస్టులలో ఒక శాఖ. 1528లో నేటి చెక్ దేశంలో భాగమైన మొరావియాలోని నికోల్స్‌బర్గ్ విడిచి వెళుతున్న ఒక గుంపు, దారిలో నేల మీద ఒక అంగీ పరిచి, ఎవరి దగ్గర ఉన్నది వారు ఇష్టపూర్వకంగా దానిపై పెట్టారు. అవసరంలో ఉన్నవారిని చూసుకోవడానికి అప్పుడే కొందరిని ఎన్నుకున్నారు. వాక్యం చెప్పేవాడు వేరు, సొమ్ము చూసేవాడు వేరు అనే ఏర్పాటు అంత పాతది. వారి మనుగడకు అదే ఆయువుపట్టని నా అభిప్రాయం.

1533లో ఆల్ప్స్ కొండల్లోని టైరోల్ నుంచి వచ్చిన టోపీల తయారీదారు జాకబ్ హట్టర్ ఆ గుంపుకు క్రమం ఏర్పరచాడు. 1536లో ఇన్స్‌బ్రుక్‌లో ఆయనను సజీవంగా దహనం చేశారు. ఆ తరువాతి చరిత్ర చాలావరకు వలసలే: హంగరీ, ట్రాన్సిల్వేనియా, రష్యా సామ్రాజ్యం, 1874 నుంచి అమెరికాలోని డకోటా. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరనన్న ఇద్దరు అన్నదమ్ములు 1918లో సైనిక జైలులో చనిపోయాక, చాలామంది కెనడాకు తరలిపోయారు. అయితే ఉమ్మడి జీవనం వారిలోనూ ఒకసారి తెగిపోయిందని గుర్తుంచుకోవాలి. రష్యాలో 1819లో ఆస్తులు విడదీసుకున్నారు. నలభై ఏళ్ల తరువాత, 1859లో, మైఖేల్ వాల్డ్‌నర్ అనే కమ్మరి దానిని తిరిగి నిలబెట్టాడు. అమెరికా చేరినవారిలో కూడా ఎక్కువమంది సొంత భూములు తీసుకుని విడిగానే స్థిరపడ్డారు.

ఇక పెద్దరికం సంగతి. ఓటు బాప్తిస్మం పొందిన పురుషులకే ఉంటుంది. బోధకుడు కావలసి వచ్చినప్పుడు కొన్ని పేర్లపై ఓటు వేసి, తగినన్ని ఓట్లు వచ్చినవారి మధ్య చీట్లు వేస్తారు. అపొస్తలులు మత్తీయను ఎంచుకున్న పద్ధతి అది. చీటి వచ్చినవాడు కొన్నేళ్లు పరీక్షాకాలంలో ఉన్నాకే అభిషిక్తుడవుతాడు. ఆరాధనలో అతడు సొంత ప్రసంగం చేయడు, పదిహేడవ శతాబ్దం నుంచి చేతిరాతలో వచ్చిన ప్రసంగాలను చదువుతాడు. డబ్బు వ్యవహారం మాత్రం ఓటుతో ఎన్నికైన మరొకరిది. చెక్కుబుక్కు, అమ్మకాలు, కొనుగోళ్లు అతని చేతిలో ఉంటాయి. అతనిని బాస్ అంటారు. పొలం పనులు పంచేవాడు ఇంకొకడు. వీరూ మరికొందరు పెద్దలూ కలిసిన చిన్న సభ రోజువారీ విషయాలు నిర్ణయిస్తుంది. పెద్ద విషయాలు అందరి ఓటుకు వెళతాయి.

మీరు అడిగిన గట్టు తగాదాకు వారి జవాబు విభజనలో ఉంది. జనాభా నూట ఇరవై, నూట యాభై దగ్గరకు వచ్చేసరికి, ముందే కూడబెట్టిన డబ్బుతో వేరొక చోట భూమి కొని కొత్త కాలనీ కడతారు. వయసులూ పనితనాలూ సమంగా ఉండేలా కుటుంబాలను రెండు జాబితాలుగా రాసి, ఒక్కో దానికి ఒక బోధకుడిని పెడతారు. కొన్ని వర్గాలలో అన్ని కుటుంబాలూ సామాను సర్దుకున్న తరువాతే చీటి తీస్తారు. ఎవరు వెళ్లాలో, ఎవరు ఉండాలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. తాను ఏ వైపు పడతాడో తెలియనప్పుడు మంచి ట్రాక్టరును, నేర్పరి మెకానిక్‌ను ఒకే వైపు చేర్చాలని ఎవరికీ బుద్ధి పుట్టదు. మన భాగపంపకాలలోనూ చీట్లు తీస్తాం కానీ, మన చీటి ఒకరికి సర్వే నంబరు మీద హక్కు ఇస్తుంది. వారి చీటి ఎక్కడ ఉండి పనిచేయాలో మాత్రమే చెబుతుంది.

ఈ జాగ్రత్త కాలనీ లోపలే పనిచేసింది. కాలనీలన్నిటి మీదా ఉండే పెద్ద బోధకుని అధికారం, ఆర్థిక నిర్ణయాల విషయంలో విభేదాలు వచ్చి, కమ్మరి వాల్డ్‌నర్ వృత్తి పేరున నడిచిన ష్మీడలాయిట్ (కమ్మరి జనం) వర్గం 1992లో రెండుగా చీలింది. నేడు కాలనీలు ఐదు వందలకు పైగా ఉన్నాయి.

ప్రశ్న: ఆ కాలనీలలో ఆడవాళ్ల మాటకు విలువ ఉంటుందా? ఇష్టం లేక బయటికి వస్తే వాటా ఇస్తారా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వంటశాల పెత్తనం స్త్రీదే, ఓటు మాత్రం లేదు. ఇంట్లో భర్తకు చెప్పిన మాట సభలో వినిపించవచ్చు గాని, దానిని హక్కు అనలేమమ్మా. వాటా స్త్రీ పురుషులలో ఎవరికీ రాదు. మనిటోబాలోని ఇంటర్‌లేక్ కాలనీ నుంచి, మతం మారినందుకు వెలివేయబడిన కొందరు తమ వంతు కోసం దావా వేస్తే, ఆస్తి సంఘానిదేనని కెనడా సుప్రీంకోర్టు 1970లో తీర్పు చెప్పింది. మన దగ్గర 2005 సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కూడా పుట్టుకతో వాటా ఉంది, పంపకం అడగవచ్చు. వారి నాయకత్వ పద్ధతిని ఎంత గౌరవించినా, జీవితమంతా పనిచేసిన మనిషిని వట్టి చేతులతో పంపడం నాకు సమ్మతం కాదు. వెళ్లేవారికి కొత్త బతుకు మొదలుపెట్టుకునేంత సొమ్మైనా నియమంగా ఇవ్వాలి.