ఓడ ఎక్కే ముందు బుజ్జికి

చి. ల. సౌ. బుజ్జికి పెద్దమ్మ దీవించి రాయునది.

క్రూజ్ అంటారే, ఆ విహార ఓడలో ఇద్దరం వెళ్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి పెద్దమ్మా అని మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు పొయ్యి మీద కూర పెట్టుకుని ఏదో హడావిడిగా చెప్పేశాను. రాత్రి పడుకున్నాక, చెప్పాల్సినవన్నీ చెప్పనే లేదని గుర్తొచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఎప్పుడు వెళ్ళాలన్న సంగతి. డిసెంబరు మొదట్లో టికెట్ తక్కువకు వస్తోందన్నావు. వద్దమ్మా. పండగ వెళ్ళనివ్వండి. కనుమ అయ్యాక, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. చలికి రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు భయం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఎలాగూ చెరువులు ఎండగట్టి ఉంచుతారు. చెరువులో గాలి ఆడించే ఏరేటర్ ఆగిపోయిందని అర్ధరాత్రి ఫోన్ వచ్చే టెన్షన్ ఉండదు. సముద్రం కూడా ఆ నెలల్లోనే నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి వారాలు మన బంగాళాఖాతానికి తుపాను రోజులు. 1996 నవంబరు 6 రాత్రి చూసిన వాళ్ళం, నీకు నేను చెప్పాలా? విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు కదా, మనకు దగ్గర కదా అన్నావు. అక్కడి నుంచి ఓడ ఉన్నా మొదటిసారి మాత్రం ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపే వెళ్ళండి. మేము వెళ్ళింది అదే. జనవరిలో మన దగ్గర ఉదయం ఎనిమిదింటికి కూడా కాలవ గట్టు మీద మంచు తెర తీయదు. కొచ్చిలో అదే వేళకు చెమట పడుతుంది. చలిదేశాల వాళ్ళు ఓడల్లో ఈ రేవులకు వచ్చేది ఆ వెచ్చదనం కోసమే.

ముంబయికి ఓడ బయల్దేరే ముందు రోజే చేరండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మధురపూడి నుంచి పొద్దున్న విమానమైతే మంచుకు ఆలస్యం కావచ్చు. రైలైనా అంతే, ఎక్కడో ఒకచోట నిలబడిపోవచ్చు. నర్సాపురం రేవులో గోదారి దాటించే పంటు తప్పిపోతే తర్వాతది ఎక్కుతాం. ఓడకు తర్వాతది ఉండదు. ఒక రాత్రి లాడ్జి ఖర్చు అవుతుందని చూసుకోవద్దు.

గది సంగతికి వస్తాను. ఓడలో దాన్ని క్యాబిన్ అంటారు. మేము డబ్బు కలిసొస్తుందని కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్నాం. అదే మేము చేసిన పెద్ద పొరపాటు. మీ పెదనాన్నకు నాలుగింటికి మెలకువ వస్తుంది, తెలుసుగా. లైటు తీస్తే ఆ గదిలో రాత్రో పగలో తెలియదు. పాపం ఆయన రోజూ చీకట్లో బట్టలు తడుముకుని, నన్ను లేపకుండా పైకి వెళ్ళి ఒక్కరే కూర్చునేవారు. మీరు కనీసం కిటికీ ఉన్నదైనా తీసుకోండి. వీలైతే బాల్కనీదే తీసుకోండి. అందుకోసం బయట తిరుగుళ్ళ ఖర్చు తగ్గించుకున్నా ఫరవాలేదు. ముంబయి నుంచి దక్షిణానికి వెళ్తున్నంతసేపూ పడమర ఓడకు కుడివైపు ఉంటుంది. వచ్చేటప్పుడు ఎడమవైపు. మీ ప్రయాణంలో ఎన్ని సాయంత్రాలు ఎటు వెళ్తుందో చూసుకుని, సూర్యాస్తమయం కనిపించే వైపు అడగండి. ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే కుడిని స్టార్‌బోర్డ్ అంటారు, ఎడమను పోర్ట్ అంటారు. బుకింగ్ అప్పుడు ఆ మాటలే వాడతారు.

అన్నిటికంటే ముఖ్యం, ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గది అడగండి. బస్సులో వెనక సీటు ఎలా ఎగరేస్తుందో నీకు తెలుసు. ఓడలోనూ అంతే, ముందు కొస, వెనక కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. నీకు చిన్నప్పుడు అంతర్వేది తీర్థానికి లాంచీలో వెళ్తేనే కడుపులో తిప్పేది కదా. వాంతి మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టరుగారిని ముందే అడుగు. అల్లుడుగారు బీపీ మాత్రలు వాడుతున్నారు కాబట్టి ఆయనకు మరీ అడగాలి. కొన్ని మాత్రలు బాగా మత్తుగా ఉంచుతాయి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ఊగకముందే వేసుకోవాలి. కంపెనీ ప్యాకెట్‌లో ఉన్న అల్లం మురబ్బా నాలుగు ముక్కలు బ్యాగులో ఉంచుకో. ఒంట్లో బాగోలేదని గదిలో ముసుగు తన్ని పడుకోవద్దు. పైకి వచ్చి గాలి తగిలేచోట నిలబడి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ ఉండు. కంటికి కనిపించేదానికీ చెవి లోపల తెలిసే ఊపుకీ లెక్క కుదిరి కడుపు సర్దుకుంటుంది. తల వంచుకుని ఫోన్ చూస్తే ఇంకా ఎక్కువవుతుంది.

మందులు మాత్రం చేతి సంచీలోనే ఉండాలి. రేవులో పెద్ద పెట్టెలకు చీటీ కట్టి వాళ్ళే తీసుకుంటారు, గది దగ్గరికి వాళ్ళే తెస్తారు. ఎప్పుడు తెస్తారన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది. మాకు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. మీ పెదనాన్న సాయంత్రం మాత్ర దాంట్లోనే ఉండిపోయింది. ఆ నాలుగు గంటలూ నేను పడ్డ బాధ నాకు తెలుసు. మందులు, గుర్తింపు కార్డులు, ఒక జత బట్టలు, శాలువా మీ భుజానే ఉంచుకోండి. ఓడ లోపల ఏసీ బాగా చలి.

వంట సంగతి నువ్వు అడగలేదు కానీ నాకు తెలుసు, నువ్వు కందిపొడి సీసా పెట్టుకుంటావు. ఇంట్లో చేసిన తినుబండారాలు చాలా ఓడల్లో ఎక్కనివ్వరు. మా సీసా స్కానింగ్ దగ్గరే తీసి పక్కన పెట్టేశారు. ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు, ప్లగ్ పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అంతే. నిప్పు భయం వాళ్ళకు ఎక్కువ, ఉండాలి కూడా. భోజనానికి లోటు ఉండదు, శాకాహారం కావలసినంత ఉంటుంది. బఫే దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. అంతమంది ఒకే గరిటె పట్టుకునే చోట ఒకరికి విరేచనాలు పట్టుకుంటే ఓడంతా తిరుగుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ఓడ ఎక్కగానే ప్రాణరక్షణ డ్రిల్ అని ఒకటి చేయిస్తారు. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ఆపద వస్తే ఎక్కడికి చేరాలో చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. చాలామంది దాన్ని పట్టించుకోకుండా ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాళ్ళకు తగిలి ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా చేయించనే లేదు. ఓడ కదిలే ముందే డ్రిల్ అయిపోవాలన్న పట్టింపు ఆ తర్వాతే వచ్చింది. ఇటలీ దాకా ఎందుకు, 2019 సెప్టెంబరు 15 ఆదివారం కచ్చులూరు దగ్గర మన గోదారిలో పడవ మునిగి ఏం జరిగిందో మనం మరిచిపోగలమా? గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళం, లైఫ్ జాకెట్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. మీ గది నుంచి ఆ చోటుకు మెట్ల మీదుగా ఒకసారి ఇద్దరూ కలిసి నడిచి చూడండి. లిఫ్టులో కాదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రకటనలో వేసే ధర ఒక మనిషికి, అదీ ఇద్దరు ఒక గదిలో ఉంటేనే. దాని మీద పన్నులు, పోర్టు చార్జీలు, సర్వీసు చార్జీ ఉంటాయి. అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. లోపల నోట్లు చెల్లవు, వాళ్ళ కార్డు మీద రాసుకుని ఆఖరున లెక్క తీస్తారు. ప్రతి రాత్రీ ఆ లెక్క అడిగి చూసుకోండి. సముద్రం మధ్యకు వెళ్ళాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. క్యాసినో వైపు అల్లుడుగారు వెళ్ళకుండా నువ్వు చూసుకో. పండగకు పందెం బరిలో ఎంత పోతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

రేవులు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. గోవాలో ఓడ ఆగేది మార్ముగావ్ రేవులో. పాత గోవా వెళ్ళాలంటే గంట ప్రయాణం. చర్చీ చూడాలి, బీచీ చూడాలి, పణజి బజారూ చూడాలి అనుకుంటే కారులోనే రోజు గడుస్తుంది. ఒకటే ఎంచుకోండి. నన్నడిగితే పాత గోవాలో బాం జీసస్ చర్చి చూడండి. 1605లో పూర్తయింది. గోడలకు సున్నం లేకుండా ఎర్ర రాయి అలాగే కనిపిస్తుంది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివదేహం అక్కడే ఉంది. లోపల కాసేపు ఊరికే కూర్చోండి.

కొచ్చి మీకు తప్పక నచ్చుతుంది. ఆ నీళ్ళు, ఆ కొబ్బరిచెట్లు చూస్తే మన సఖినేటిపల్లి వైపు వచ్చినట్టే ఉంటుంది. ఓడ ఆగే విల్లింగ్డన్ దీవి సహజమైనది కాదు, రేవును లోతు చేయడానికి తవ్వి తీసిన మన్నుతోనే కట్టారు. ఆనకట్ట నీళ్ళ మీద బతికే మనకు ఆ పని విలువ తెలుస్తుంది. పొద్దున్నే ఫోర్ట్ కొచ్చికి వెళ్ళి చైనా వలల దగ్గర నిలబడండి. నలుగురైదుగురు కలిసి తాళ్ళు లాగితే, బరువుకు కట్టిన రాళ్ళు దిగుతూ వల పైకి లేస్తుంది. అల్లుడుగారు అక్కడి నుంచి కదలరు, చూస్తూ ఉండు. పక్కనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. వాస్కోడిగామాను 1524లో మొదట అక్కడే పాతిపెట్టారు, తర్వాత వాళ్ళ దేశం తీసుకుపోయారు. మట్టంచేరిలో యూదుల గుడి 1568 నాటిది. నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలం పలకలు. శనివారం మూసేస్తారు, మీ ఓడ ఏ రోజు ఆగుతుందో చూసుకోండి.

తిరిగి రావాల్సిన సమయం చేతి మీద రాసుకున్నా తప్పులేదు. ఓడ వాళ్ళ బస్సులో వెళ్తే ఆలస్యమైనా ఆగుతారు. సొంతంగా ఆటోలోనో ట్యాక్సీలోనో వెళ్తే ఆగరు. మా ప్రయాణంలో ఒక జంట రేవు గట్టు మీద పరుగెత్తుకుంటూ రావడం, మెట్లు తీసేయడం పై నుంచి చూశాం. ఆమె ముఖం ఇప్పటికీ నాకు కళ్ళ ముందే ఉంది. చెప్పిన సమయానికి గంట ముందే వచ్చేయండి.

లక్షద్వీప్‌లో ఓడ ఒడ్డు దాకా వెళ్ళదు. లోతు చాలదు. దూరంగా నిలబెట్టి చిన్న బోట్లలో దింపుతారు. అక్కడ అడుగు పెట్టడానికి పర్మిట్ ఉండాలి, ఓడ వాళ్ళే తీయిస్తారా లేదా అని ముందే అడిగి తెలుసుకోండి. ఊగే ఓడ నుంచి ఊగే బోటులోకి కాలు పెట్టాలి. మోకాళ్ళు బాగుండాలి. మీ పెదనాన్న ఇప్పుడైతే ఆ పని చేయలేరు. నీకు యాభై దాటలేదు, అల్లుడుగారికి యాభై అయిదు. ఇప్పుడే వెళ్ళండి, పిల్ల పెళ్ళి అయ్యాక అని ఆపకండి.

మేము వెళ్ళినప్పుడు అక్కడ గాలి ఎక్కువై బోట్లు దింపలేదు. ఓడంతా గొడవ, డబ్బు తిరిగివ్వమని జనం కౌంటరు దగ్గర మూగారు. నాకూ ఏడుపొచ్చింది. ఏం చేస్తాం, ఇద్దరం పైన రెండు కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. దూరంగా దీవి ఆకుపచ్చ గీతలా కనిపిస్తోంది. అప్పుడు మీ పెదనాన్న, 96 తుపాను అప్పుడు డ్యూటీలో అమలాపురంలో చిక్కుకుపోయి, దారి పొడుగునా పడిపోయిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ ఊరికి నడిచి వచ్చిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. వచ్చారని నాకు తెలుసు. కానీ మన వీధి మలుపు తిరిగేదాకా ఇల్లు ఉందో లేదో, నేనూ పిల్లలూ ఉన్నామో లేమో తెలియక, ఆ మలుపు దగ్గర కాళ్ళు ఆడక కాసేపు కూర్చుండిపోయారట. అది నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ అంటే, చెప్పుకునే తీరిక మనకెప్పుడుంది అన్నారు. ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా దిగలేదు మేము.

మీ ఇద్దరికీ పాతికేళ్ళుగా చెరువు గట్టు మీదే పొద్దు పొడుస్తోంది, గట్టు మీదే పొద్దు గూకుతోంది. అందుకే చెబుతున్నాను బుజ్జీ, రేవు లేకుండా రోజంతా సముద్రం మీదే ఉండే రోజు ఒకటైనా ఉన్న ప్రయాణం తీసుకోండి. ఏజెంటు అది వృథా అంటాడు, వినొద్దు. ఆ రోజు ఆటలకూ పాటలకూ పేర్లు ఇవ్వకండి. ఎండ తగ్గాక రెండు కుర్చీలు చూసుకుని కూర్చోండి.

మీ అత్తగారిని ఎవరి దగ్గర ఉంచాలా అని మథనపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా దగ్గర దింపు. ఇన్సులిన్ ఏ వేళకు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి ఇవ్వు, పొడవడం నాకు అలవాటే. ఆవిడకూ నాకూ మధ్యాహ్నాలు మాట్లాడుకోవడానికి బోలెడు ఉంది. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ముందు గది దులిపించి ఉంచుతాను.

మీ పెద్దమ్మ