గంపల లెక్క, సముద్రం లెక్క

చిట్టీ,

బెంగళూరులో ఉద్యోగం మానేసి, సముద్రం మీద మోడలింగ్ పరిశోధనకి చెన్నై వస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నేను మాత్రం ఫోన్ పెట్టగానే పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి, మా పిల్ల సముద్రానికి లెక్క కడుతుందట అని గొప్పలు చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. కాశిమేడు హార్బర్‌లో దిగిన చేపల లెక్కలు రాసి రిటైరైనదాన్ని కదా. తడిచేతులతో రాసిన అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కాక ఎంత నమ్మకంగా కనిపిస్తాయో నాకు తెలుసు.

కోడింగ్ నీకే వచ్చు. ఎకోపాత్ ముందు నేర్చుకో, సముద్రంలో ఏది దేన్ని తిని బతుకుతుందో లెక్క కట్టే ప్రోగ్రామది. ఏ చేప ఎంత ఉంది, ఏడాదికి ఎంత పెరుగుతుంది, ఎంత తింటుంది, దేన్ని తింటుంది అని అడుగుతుందది. ఆ చివరిదానికి ఏ దూరదేశపు పేపర్లోంచో అంకె ఎత్తి రాశావంటే ఊరుకోను. చేపలు కొని, పొట్ట కోసి చూడు. రెండు రోజులు కంపు, తర్వాత అలవాటైపోతుంది.

నా అసలు భయం వేరే. వలలో పడినదాన్ని బట్టి నీళ్ళలో ఎంతుందో తెలిసిపోయిందనుకుంటావేమోనని. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపల విషయంలో జరిగింది ఇదే. 1980లలో ట్రాలర్లకి, అంటే వల ఈడ్చుకుపోయే పెద్ద పడవలకి, గంటకి పడే చేప బాగానే ఉంటూ వచ్చింది, కాబట్టి చేప పెరుగుతోందని లెక్కలు కట్టారు. ఒడ్డు దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్ళు చేప తగ్గింది, సైజూ తగ్గింది మొర్రో అంటూనే ఉన్నారు. వాళ్ళ మాట ఎవరు వింటారు? జరిగిందేమిటంటే, తగ్గే కొద్దీ కాడ్ ఒకచోట గుంపు కట్టింది. ట్రాలర్లు మంచి పరికరాలతో సరిగ్గా ఆ గుంపు మీదికే వెళ్ళాయి. సముద్రం ఖాళీ అవుతున్నా వల నిండుతూనే ఉంది. 1992 జూలైలో వేట ఆపేశారు. దాదాపు 30,000 మంది పని పోయింది. కారణం వేట కాదు, నీళ్ళు చల్లబడ్డాయని కొందరు, సీల్ జంతువులు తినేశాయని కొందరు వాదించుకున్నారు. నిషేధం ఎత్తేసరికి 2024 వచ్చింది.

ఇక్కడ మాత్రం ఏం తేడా? మర పడవలకి జీపీఎస్ వచ్చింది, శబ్దంతో నీళ్ళ కింద చేప జాడ పట్టే ఎకో సౌండర్ వచ్చింది, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవి రోజుల తరబడి సముద్రంలోనే ఉంటున్నాయి. ట్రిప్పుకి ఇంత అని రాసి ఉంటే మురిసిపోకు, ఎన్ని గంటలు వల లాగారో అడుగు. ఒకప్పుడు నీళ్ళలోకే విసిరేసిన చిల్లర చేప ఇప్పుడు చేపల పొడి ఫ్యాక్టరీలకి పోతోంది. కాగితం మీద అది కొత్తగా పుట్టిన చేపలా కనిపిస్తుంది.

వాతావరణం సంగతీ అంతే. 2019లో చాలా మోడళ్ళని కలిపి చూస్తే, భూమి ఒక్కో డిగ్రీ వేడెక్కితే సముద్ర జీవుల మొత్తం బరువు సగటున 5 శాతం తగ్గుతుందని తేలింది. అది వేటే లేదనుకుని వేసిన లెక్క. నువ్వు మాత్రం వేట ఒక్కటే, వేడి ఒక్కటే, రెండూ కలిసి, రెండూ లేకుండా, నాలుగు విధాలా నడిపి చూడు. కేరళలో నూనె కవళ్ళు 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడితే 2021లో 3,500 టన్నులు కూడా పడలేదు. ఒకప్పుడు మన తూర్పు తీరంలో పెద్దగా దొరకని ఆ చేపే 90ల నుంచి ఇటూ పడుతోంది. తప్పంతా వేడిదే అని నీ మోడల్ అన్నదనుకో, పెద్ద పడవలవాళ్ళు దాన్ని ఫ్రేమ్ కట్టించుకుంటారు. తప్పంతా వేటదే అంటే, ఆంక్షలు ముందు తగిలేది చిన్న ఫైబర్ బోటు వాడికి. ఆ మనుషుల మొహాలు నాకు తెలుసు, నీకింకా తెలియదు.

అందుకే ఏప్రిల్ 15 లోపు రా. ఆ తర్వాత 61 రోజులు వేట నిషేధం, మర పడవలు కదలవు, నీకు దొరికేవి సున్నాలు. అవి చేప లేని సున్నాలు కావు, ఆ తేడా నీ ప్రోగ్రామ్‌కి నువ్వే చెప్పాలి. తెల్లవారుజామున వేలం దగ్గరికి నేను తీసుకెళ్తాను. పడవెక్కుతానంటే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, వాంతుల మాత్ర వేసుకోవాలి, ఈత వచ్చుగా అని తప్పించుకోవద్దు. నీ ఎనిమిదో ఏట మెరీనాలో అల లాగేసినప్పుడు నీ జడ పట్టుకుని లాగింది నేనే.

మీ నాన్నకి నేను నచ్చజెబుతాను. ఉద్యోగం మానేసినందుకు ఆయన ఎంత తిట్టినా పడు. నాకు ముందు చెప్పనందుకు తిట్టేవి విడిగా ఉన్నాయి, దిగాక చూద్దాం.

మీ పెద్దమ్మ