మంగోలియా స్టెప్పీ మైదానాలలో శీతోష్ణస్థితి ఎలా ఉంటుంది, ప్రజలు ఎలా జీవిస్తారు?

మంగోలియా సముద్రానికి చాలా దూరంగా, ఎత్తైన పీఠభూమి మీద ఉండటం వల్ల అక్కడి గడ్డి మైదానాలలో చలికాలానికీ వేసవికీ మధ్య తేడా విపరీతంగా ఉంటుంది. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోవడం, జులైలో 30 డిగ్రీలు దాటడం రెండూ మామూలే. ఏడాదికి సుమారు 200 నుంచి 300 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు వేసవిలోనే, పడుతుంది కనుక గడ్డి మొలుస్తుంది గాని పంటను నమ్ముకోవడం కష్టం.

అందుచేత పశుపోషణే జీవనాధారం. గొర్రెలు, మేకలు, ఆవులు, గుర్రాలు, ఒంటెలను తోలుకుంటూ కాపరులు రుతువును బట్టి మేత ఉన్న చోటికి తరలుతారు. వారి ఇల్లయిన ‘గెర్’ చెక్క చట్రం మీద ఉన్నితో చేసిన మందపాటి పొరలు కప్పిన గుండ్రని గుడారం కాబట్టి, కొద్ది గంటల్లోనే విప్పి మరోచోట నిలబెట్టుకోవచ్చు. చెట్లు అరుదైన చోట ఎండిన పేడే వంటచెరకు.

నిజానికి వారు భయపడేది ఒట్టి చలికి కాదు, ‘జుద్’కు. వేసవి వానలు తప్పి పశువులు బక్కచిక్కిన ఏడాదే మంచు గడ్డకట్టి మేతను కప్పేస్తే మందలకు మందలే చనిపోతాయి. 2009-10 చలికాలంలో అలా 80 లక్షలకు పైగా పశువులు చనిపోగా, సర్వం కోల్పోయిన కుటుంబాలు అనేకం రాజధాని ఉలాన్‌బాతర్ శివార్లకు వలస వెళ్లి అక్కడే గెర్లు వేసుకున్నాయి.