సోమాలీలు తాము అరబ్బుల వంశమని చెప్పుకుంటారు కదా, అందులో నిజమెంత?

ఇథియోపియాలో సోమాలీ ప్రాంతానికి రాజధాని జిజిగా. అక్కడ నాలుగేళ్ళు అకౌంటింగ్ పాఠాలు చెప్పాను. నా అర్హత అంతే. డీఎన్ఏ వీడియోలు చూసి రాసేవాళ్ళు ఎలాగూ కింద వస్తారు.

నాతో పనిచేసే ఒకాయన ఓ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. అన్నం, మేక మాంసం, పక్కన అరటిపండు. అన్నంలో అరటిపండు నంజుకోవడం నాకు నాలుగేళ్ళయినా అలవాటు కాలేదు, అది వేరే సంగతి. చేతులు కడుక్కున్నాక ఆరేళ్ళ కొడుకుని పిలిచి, "బాబాయికి నీ అబ్తిర్సి వినిపించు" అన్నాడు. అబ్తిర్సి అంటే పూర్వీకుల వరస.

వాడు చేతులు వెనక్కి కట్టుకుని, గోడకి ఆనుకుని, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. తన పేరు, నాన్న, తాత, ముత్తాత... నేను వేలి కణుపుల మీద లెక్కపెడుతున్నాను. పదమూడో పేరు దగ్గర మూల కూర్చున్న నాయనమ్మ "ఊహూఁ" అంది. ఒకటి దాటేశాడట. వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. వాళ్ళ తెగకి పేరిచ్చిన ఒగాదేన్ వచ్చింది, ఆపైన ఇంకో మూడు పేర్లు, చివరికి ఇంకా పెద్ద తెగకి మూలపురుషుడైన దారోద్. మొత్తం ఇరవై నాలుగు. వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకా ఉంది, అది నేను చెప్తా" అని తండ్రి అందుకున్నాడు. దారోద్ అంటే షేక్ అబ్దిరహ్మాన్, ఆయన తండ్రి ఇస్మాయిల్ అల్ జబర్తీ, అలా పైకి పోతే ప్రవక్త మహమ్మద్ అల్లుడు అలీకి అన్న అయిన అఖీల్, అంటే ప్రవక్త కుటుంబం. ఈ కాసిని పేర్లు చెప్పేసరికి ఆయన రెండుసార్లు తడబడ్డాడు. ఇరవై నాలుగు పేర్లు ఆరేళ్ళ పిల్లాడికి కంఠతా వచ్చు. ఆపైవి నలభై ఏళ్ళవాడికి నోరు తిరగలేదు. మీ ప్రశ్నకి నా జవాబు అక్కడే ఉంది. ఆడిటర్ భాషలో చెప్పాలంటే ఎంట్రీలన్నీ పక్కా, ఓపెనింగ్ బ్యాలెన్స్‌కి మాత్రం వోచర్ లేదు.

ఇంతలో నాయనమ్మ అందుకుంది. ఆవిడ పుట్టింటివారు ఇసాక్‌లు, అది ఇంకో పెద్ద సోమాలీ తెగ. వాళ్ళ మూలపురుషుడు షేక్ ఇసాక్ కూడా అరేబియా నుంచే వచ్చాడు, వాళ్ళది అలీ వంశం. ఒకే ఇంట్లో ఇద్దరు షేక్‌లు! దారోద్ సమాధి హైలాన్‌లో, ఇసాక్‌ది మైద్‌లో, రెండూ సోమాలీ ఉత్తర తీరాన ఉన్న సనాగ్ ప్రాంతంలోనే. దారోద్ గురించి ఒక కథ చెప్తారు. ఆయన ఒక బావి దగ్గర దిర్ తెగ మూలపురుషుడి కూతురికి కనిపించాడు. దిర్ వచ్చేసరికి చెట్టెక్కి కూర్చుని, పిల్లనిస్తేగానీ దిగనన్నాడు. నాయనమ్మ మా అందరికీ టీ పోస్తూ, "మా షేక్ మర్యాదగా వచ్చాడు, చెట్టెక్కి కూర్చోలేదు" అంది. కొడుకు మొహం చూడాలి! అయినా, కథలో కూడా పెళ్ళికూతురు స్థానికురాలే. అందుకే కాబోలు పిల్లలకి అరబ్బీ రాలేదు. సోమాలీ ఆ ప్రాంతపు కుషిటిక్ కుటుంబానికి చెందిన భాష, ఇరుగుపొరుగు ఒరోమో, అఫార్ భాషలకి చుట్టం. మగవారి వంశాల డీఎన్ఏలో కూడా ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కల జనంలో కనిపించేదే. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సోమాలీ తీరంలోని రేవులు జైలా, మొగదిషులకి వచ్చి అక్కడి జనాన్ని బర్బరులన్నాడు (ఆ తీరపు స్థానికులకి అరబ్బులు వాడే పేరు), అరబ్బులనలేదు. సముద్రం దాటితే యెమెన్‌లోని ఏడెన్, హద్రమౌత్. వర్తకులూ మతగురువులూ వచ్చారు, కొందరు ఉండిపోయారు కూడా. నలుగురు వచ్చారని ఊరంతా వాళ్ళ సంతానమే అనుకోవడం ఎక్కడైనా ఉన్నదే.

మరి ఆ ఇరవై నాలుగు పేర్లు అంత పక్కాగా ఎందుకు? అవసరం కాబట్టి. ఒకరు ఇంకొకరిని చంపితే పరిహారం, దాన్ని మగ్ అంటారు. మగవాడికి 100 ఒంటెలు, ఆడదానికి 50. ఒక్కడు కట్టలేడు, వంశం మొత్తం చందా వేసుకోవాలి. ఎవరు ఎవరికి ఎన్నో తరంలో కలుస్తారో తెలియకపోతే పంపకం ఎలా చేస్తారు? ఇది ఇన్సూరెన్స్ రిజిస్టర్. అఖీల్ దాకా వెళ్ళే భాగంతో ఒక్క ఒంటె కూడా కదలదు, అది గోడకి తగిలించిన పటం.

అన్నట్టు వాళ్ళకి ఇంటిపేర్లుండవు. తన పేరు, తండ్రి, తాత. హాజరు పట్టీలో మహమ్మద్ అబ్దీలు ఐదుగురు, వాళ్ళలో ఇద్దరికి తాత పేరూ ఒకటే. పరీక్ష మార్కులు తారుమారై నేను పడ్డ తిట్లు ఇక్కడ రాయను. తెగ పేరు ఎత్తకూడదని అప్పటి సోమాలియా నియంత సియాద్ బర్రే 1970ల్లో నిషేధం పెడితే జనం "మీ మాజీ ఏమిటి?" (అంటే మాజీ తెగ) అని అడగడం మొదలుపెట్టారట. ఇంకో పక్క 1974లో అదే ప్రభుత్వం సోమాలియాని అరబ్ లీగ్‌లో చేర్చింది. వంశం మాట ఎత్తకూడదు, అరబ్బుతనం మాత్రం కావాలి!

నాకు కోపం తెప్పించేది అరబ్ పేర్లు కాదు. క్లాసులో ఒక కుర్రాడు, కాస్ట్ అకౌంటింగ్‌లో అందరికన్నా ముందుండేవాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా వంశాల మాట ఎత్తగానే, "టీలు నేను తెస్తా" అని లేచేవాడు. మొదట మర్యాద అనుకున్నాను. వాడు గబోయె అని తర్వాత తెలిసింది. తోలుపని, క్షురకవృత్తి చేసేవాళ్ళని ఆ పేరుతో పిలుస్తారు. పెద్ద తెగలవాళ్ళు వాళ్ళతో పెళ్ళి సంబంధం కలుపుకోరు. 2000లో జిబౌటీలోని అర్తాలో సోమాలియా పార్లమెంటు సీట్లు పంచుకున్నప్పుడు నాలుగు పెద్ద తెగలకి తలా ఒక వాటా, మిగిలినవాళ్ళందరికీ కలిపి అర. నాలుగున్నర సూత్రం అంటారు. ఆ కుర్రాడి కులం అక్కడ ఆ అరలోనే. వాడు ట్రేలో ఎనిమిది గ్లాసులు చుక్క ఒలక్కుండా తెచ్చేవాడు.

మనవాళ్ళు నవ్వుకోకండి. ఆ శుక్రవారం నన్నూ అడిగారు. నాన్న, తాత, ముత్తాత చెప్పి ఆగిపోయాను. పిల్లాడు వాళ్ళ నాన్న చెవిలో ఏదో అన్నాడు. "అయ్యో, ఈయనకి తాతలు లేరా?" అన్నాడట. పరువు కాపాడుకోవడానికి మాది భారద్వాజ గోత్రమనీ, ఆయన వేదకాలపు ఋషి అనీ చెప్పాను. "ఆయనకీ మీ ముత్తాతకీ మధ్య ఎంతమంది?" అన్నాడు మిత్రుడు.

సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మా బాబాయిని పట్టుకుంటే ఆరో తరం దాకా లాగాం. ఆరో ఆయన పేరు సుబ్బయ్యో సుబ్బన్నో బాబాయికీ సందేహమే. ఆ కాగితం ఫోటో తీసి జిజిగాకి పంపాను. మిత్రుడి దగ్గర్నుంచి నవ్వు బొమ్మ వచ్చింది, దాని కింద: "పిల్లాడు ఏడోవాడి పేరు అడుగుతున్నాడు."