షాతో ముసార్ వైట్ పాడైందా?

టెన్షన్ వద్దండీ, మీ షాతో ముసార్ వైట్ (లెబనాన్ తెల్ల వైన్) బాటిల్ పాడవలేదు. రంగు బంగారంలా ముదిరిందని, వాసనే లేదని రాశారు. ఆ రంగు దాని సహజ గుణం. లెబనాన్ కొండల్లో పండే ఒబైదే, మెర్వా అనే స్థానిక ద్రాక్షలతో చేసి, ఓక్ పీపాల్లో పులియబెట్టి, ఏళ్ల తరబడి నిల్వ ఉంచాకే అమ్ముతారు. వాసన రాకపోవడం మాత్రం మీ ఫ్రిజ్ తప్పు! ఇది 15 డిగ్రీల దగ్గర తాగాల్సిన వైన్. గంట ముందే బయటపెట్టి బిరడా తీయండి, తేనె, బాదం వాసనలు మెల్లగా బయటికొస్తాయి.

తోడుగా సలాడ్ అన్నారు, నాకైతే అది చాలదనిపిస్తుంది. లెబనాన్‌లోని ట్రిపోలీ వాళ్ల కారం చేప వంటకం, సమ్కే హర్రా చేయండి. తహీనీ (నువ్వుల ముద్ద), మిరప, వెల్లుల్లితో వండే ఆ చేపకి ఇది చక్కగా కుదురుతుంది. అంత ఓపిక లేకపోతే షిష్ తావూక్ (చువ్వలకి గుచ్చి కాల్చిన చికెన్), పక్కన కాస్త తూమ్ అనే వెల్లుల్లి సాస్ చాలు.